మీకు తెలుసా? సీసాలో పెరిగిన కణాలు మన కొట్టం దాకా వచ్చాయి

జంతువు ఒంట్లోంచో మొక్క చిగురులోంచో చిటికెడు కణాలు తీసి, సూక్ష్మజీవి అన్నది చొరబడని పాత్రలో పెట్టి, తిండీ వెచ్చదనమూ అమర్చి పెంచే విద్య ఒకటుంది. జంతు కణాలైతే సెల్ కల్చర్ అంటారు, మొక్కలవైతే టిష్యూ కల్చర్. మన తెలంగాణలో ఈ పని పెద్ద ఎత్తున జరిగేది హైదరాబాద్ చుట్టూనే. హబ్సిగూడలో సీసీఎంబీ, గచ్చిబౌలిలో ఇండియన్ ఇమ్యునలాజికల్స్, శామీర్‌పేట దాటాక జీనోమ్ వ్యాలీ. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాళ్లకు ఇదంతా దూరపు ముచ్చటలా అనిపించొచ్చు. కానీ ఆ సీసాల్లోంచి వచ్చిన సరుకు మన పశువుల కొట్టంలో, పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో, అరటి తోటలో ఎప్పుడో చేరిపోయింది.

బర్రెకు వేసే గాలికుంటు టీకా వెనుక ఓ చిట్టి జంతువు కిడ్నీ ఉంది

ఆరు నెలలకోసారి పశువుల దవాఖాన సిబ్బంది, గోపాలమిత్రలు ఐస్ బాక్సు పట్టుకుని ఊళ్లోకి దిగుతారు. గాలికుంటు సోకితే బర్రె నోట్లో, గిట్టల సందుల్లో పుండ్లు పడతాయి. చొంగ కారుతుంది, మేత ముట్టదు, పాలు పడిపోతాయి. పాల డబ్బుల మీద ఇల్లు నడిపేవాళ్లకు అది ఎంత దెబ్బో జనగామ పక్క పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

ఈ రోగానికి కారణం వైరస్. వైరస్‌ను చక్కెర నీళ్లలోనో పులుసులోనో పెంచలేం, దానికి బతికున్న కణం కావాలి. 1961లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ఇయాన్ మాక్‌ఫెర్సన్, మైఖేల్ స్టోకర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సిరియన్ హామ్‌స్టర్ పిల్లల కిడ్నీల నుంచి ఒక కణ వరుసను తయారు చేశారు. హామ్‌స్టర్ అంటే ఎలుకకు చుట్టమయ్యే జంతువు. ఆ కణాల పేరు బీహెచ్‌కే-21. ప్రపంచంలో గాలికుంటు టీకా ఎక్కువగా తయారయ్యేది వీటిలోనే. ఉక్కు ట్యాంకుల్లో కణాలను ద్రవంలో తేలుతుండగా పెంచుతారు. అవి తగినంత పెరిగాక వైరస్‌ను వదులుతారు. వైరస్ కణాలను పగలగొట్టుకుని కోట్లలో బయటికొస్తుంది. దాన్ని రసాయనంతో చంపి, శుద్ధి చేసి, నూనెలో కలిపితే టీకా. మన దేశంలో వాడే టీకాలో ఓ, ఏ, ఏషియా-1 అనే మూడు రకాల వైరస్‌లు ఉంటాయి.

అంతకుముందు పద్ధతి వింటే ఒళ్లు జలదరిస్తుంది. 1947 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో ఫ్రెంకెల్ అనే శాస్త్రవేత్త కబేళాల్లో కోసిన పశువుల నాలుకలు తెప్పించి, వాటి పైపొర ఒలిచి, పోషక ద్రవంలో బతికించి అందులో వైరస్ పెంచాడు. యూరప్‌లో చాలా ఏళ్లు టీకా అలాగే వచ్చింది. ఒక దేశపు పశువులకు టీకా కావాలంటే ఇంకెన్ని పశువుల నాలుకలు కావాలో ఊహించుకోండి. ట్యాంకులో పెరిగే కణం ఆ లెక్కను మార్చేసింది. 1982లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ హైదరాబాద్‌లో ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ను నెలకొల్పింది. 2019 సెప్టెంబరులో కేంద్రం మధురలో ప్రారంభించిన పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద ఈ టీకాను రైతుకు ఉచితంగా వేస్తున్నారు.

బొడ్డు చుట్టూ సూదుల కాలాన్ని ముగించింది కూడా కణమే

యాభై దాటిన వాళ్లకు గుర్తుంటుంది. కుక్క కరిచిందంటే కరిచిన చోటు కన్నా సూదుల భయమే ఎక్కువ. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన ఆ మందు గొర్రె మెదడుతో చేసేవాళ్లు. గొర్రెకు రేబిస్ వైరస్ ఎక్కించి, దాని మెదడును నూరి, వైరస్‌ను చంపి ఇవ్వడం. ఆ ముద్దలో వైరస్‌తోపాటు నరాల మీది కొవ్వుపొర కూడా ఉండేది. మన శరీరం దాని మీద కూడా తిరగబడేది. అందుకే టీకా వేయించుకున్న కొందరికి కాళ్లూ చేతులూ చచ్చుబడేవి. రోగం ఎలాగూ ప్రాణం తీస్తుంది కాబట్టి ఆ ప్రమాదాన్ని దశాబ్దాల పాటు భరించారు.

2004 డిసెంబరులో దేశంలో ఆ మందు తయారీ ఆగిపోయింది. ఇప్పుడు దవాఖానలో చేతికి వేసే సూదిలో మెదడు ముక్క ఉండదు. చాలా మటుకు అందులోని వైరస్ వీరో అనే కణాల్లో పెరుగుతుంది. ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారి అభయ్‌రాబ్ ఆ కోవదే. 2006లో చర్మం పొరలోనే కొద్ది కొద్దిగా వేసే పద్ధతికి మన దేశంలో అనుమతి వచ్చింది. ఒక్కో చోట 0.1 మిల్లీలీటరు చాలు. దాంతో ఒక్క సీసా మందు చాలామందికి సరిపోతోంది.

మన కోతులు ఒకప్పుడు విమానమెక్కి వెళ్లేవి

కోతులు పెసర చేనును, జామ చెట్టును, చివరికి వంటింటిని కూడా వదలడం లేదని మొత్తుకునే రైతులకు ఈ సంగతి విచిత్రంగా తోస్తుంది. 1949లో అమెరికాలో ఎండర్స్, వెల్లర్, రాబిన్స్ పోలియో వైరస్‌ను నాడీ కణాలు కాని కణాల్లో పెంచవచ్చని చూపించారు. 1954లో నోబెల్ అందుకున్నారు. ఆ దారిలోనే 1955లో సాల్క్ టీకా వచ్చింది. దానికి కావలసిన వైరస్‌ను పెంచడానికి రీసస్ కోతి కిడ్నీ కణాలు కావాలి. వాటికి పెద్ద గని భారతదేశమే. ఉత్తరాదిలో పట్టిన కోతులు ఏటా వేలకు వేలు లండన్, న్యూయార్క్ విమానాలెక్కాయి. చివరికి 1978లో మన ప్రభుత్వం ఎగుమతిని పూర్తిగా నిషేధించింది.

ఈ కథలో ఒక మెలిక ఉంది. కోతి కిడ్నీలో కోతికి హాని చేయని వైరస్ ఒకటి నక్కి ఉంటే? 1960లో బెన్ స్వీట్, మారిస్ హిల్లెమన్ సరిగ్గా అలాంటిదే పట్టుకున్నారు. దాని పేరు ఎస్‌వీ-40. అప్పటికే కోట్ల మంది ఆ టీకాలు వేయించుకున్నారు. గాల్లోంచి, చేతుల్లోంచి వచ్చే క్రిములను ఆపడమే సరిపోదనీ, తీసుకొచ్చిన కణంలోపలే దొంగ ఉండొచ్చనీ ప్రపంచానికి అప్పుడు తెలిసింది. ప్రతిసారీ కొత్త కోతిని కోయడం మాని, ఒకసారి పెంచి, పరీక్షించి, ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచిపెట్టిన కణాల బ్యాంకు నుంచే వాడుకోవడం తర్వాత ఆనవాయితీ అయింది.

కోవాక్సిన్ పెరిగింది వీరో కణాల్లో

ఆ బ్యాంకు కణాల్లో పేరుమోసింది వీరో. 1962 మార్చిలో జపాన్‌లోని చీబా విశ్వవిద్యాలయంలో యసుమురా, కవాకిత ఆఫ్రికా ఆకుపచ్చ కోతి కిడ్నీ నుంచి దీన్ని తీశారు. వైరస్ సోకిన మామూలు కణం ఊళ్లో దొంగలు పడితే కేకేసినట్టు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి పక్క కణాలను హెచ్చరిస్తుంది. వీరో కణానికి ఆ కేక వేసే జన్యువులే లేవు. అందుకే అందులో వైరస్‌లు ఇష్టారాజ్యంగా పెరుగుతాయి. భారత్ బయోటెక్ వారి కోవాక్సిన్, పసిపిల్లల విరేచనాలను అరికట్టే రోటావాక్, బయోలాజికల్-ఇ వారి మెదడువాపు టీకా జీవ్, అన్నీ వీరో కణాల పుణ్యమే.

అయితే వీరోకు ఒక పట్టింపుంది. బీహెచ్‌కే లాగా ద్రవంలో తేలుతూ పెరగదు, అంటిపెట్టుకోవడానికి నేల కావాలి. కోట్ల డోసులకు సరిపడా నేల ఎక్కడ తేవాలి? 1967లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త వాన్ వేజెల్ దీనికి ఉపాయం చెప్పాడు. ట్యాంకులో మిల్లీమీటరులో ఐదో వంతుండే పూసలు వేసి, కణాలను వాటి మీద పెరగనివ్వడం. ఇప్పుడు బజారులో దొరికే ఒక రకం పూసలు ఒక్క గ్రాము తీసుకుంటే దాదాపు 4,400 చదరపు సెంటీమీటర్ల నేల దొరుకుతుంది. ల్యాబులో వాడే చిన్న ఫ్లాస్కులతో అంత చోటు కావాలంటే 176 ఫ్లాస్కులు పేర్చాలి.

2021 జూన్‌లో కోవాక్సిన్‌లో దూడ సీరం ఉందని వాట్సాప్‌లో తెగ తిరిగింది. జూన్ 16న కేంద్రం వివరణ ఇచ్చింది. దూడ సీరం వాడేది వీరో కణాలను పెంచే దశలో మాత్రమే. ఆ తర్వాత కణాలను నీటితో, రసాయనాలతో పలుమార్లు కడుగుతారు. వైరస్ పెరిగాక కణాలే మిగలవు. చివరికి సీసాలోకి చేరే టీకాలో సీరం ఉండదు. పుకారులో సగం నిజం ఉంది, అందుకే అంతగా పాకింది.

ఫ్లాస్కులో ద్రవం పసుపు పచ్చగా మారిందంటే గుండెలో రాయి పడ్డట్టే

ల్యాబులో వాడే చిన్న ఫ్లాస్కు టి-25. అరచేతిలో ఇమిడిపోతుంది. అడుగు 25 చదరపు సెంటీమీటర్లు, నిండితే 25 నుంచి 30 లక్షల కణాలు. మూతలో 0.2 మైక్రాన్ల రంధ్రాలున్న పలుచని పొర ఉంటుంది. గాలి దాటుతుంది, బ్యాక్టీరియా దాటదు. లోపల ఐదు మిల్లీలీటర్ల గులాబీ ఎరుపు ద్రవం. అందులో చక్కెర, ఉప్పులు, విటమిన్లు, అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఆ రంగు ఫినాల్ రెడ్‌ది. కణాలు తిండి తిని ఆమ్లం వదిలేకొద్దీ అది నారింజకు, తర్వాత పసుపుకు తిరుగుతుంది. ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల వేడి, ఐదు శాతం కార్బన్ డయాక్సైడ్, ఆరిపోకుండా అడుగున ఒక పళ్లెంలో నీళ్లు. ఆ పళ్లెం కడగడం మరిచిపోతే బూజు మొదలయ్యేది అక్కడే.

మనిషి కణం రెండవడానికి రోజు పడుతుంది. బ్యాక్టీరియాకు ఇరవై నిమిషాలు చాలు. అంటే రాత్రి పది గంటల్లో ఒక్క బ్యాక్టీరియా ముప్పై సార్లు రెట్టింపై వంద కోట్లు దాటగలదు. సాయంత్రం ఎర్రగా, తేటగా పెట్టి వెళ్లిన ఫ్లాస్కు పొద్దున పసుపుగా, మసకగా కనిపిస్తే మైక్రోస్కోపు అక్కర్లేదు. కల్చర్ పోయినట్టే. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర ఉడికించి పారేయాలి. వానాకాలం ముసురులో బూజు బీజాలు గాల్లో ఎక్కువ కాబట్టి అప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉంటారు. బల్ల తుడిచే ఆల్కహాల్ కూడా నూటికి నూరు శాతం కాదు, 70 శాతమే. కాస్త నీళ్లుంటేనే అది క్రిమి లోపలికి దిగి ప్రొటీన్లను గడ్డ కట్టిస్తుంది. స్వచ్ఛమైనదైతే పని పూర్తికాకముందే ఆవిరైపోతుంది.

కనిపించే శత్రువు ఒక రకంగా నయం. మైకోప్లాస్మా అనేదొకటుంది. దానికి కణ గోడ లేదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు. బ్యాక్టీరియాను ఆపే వడపోతల గుండా కూడా జారిపోగలదు. ద్రవం మసకబారదు, రంగు మారదు, కణాలు చావవు. ప్రయోగాల ఫలితాలు మాత్రం మెల్లగా తప్పుతుంటాయి. డీఎన్‌ఏకు అంటుకుని మెరిసే రంగు వేసి చూస్తే కణ కేంద్రకం చుట్టూ చుక్కలు చుక్కలుగా బయటపడుతుంది. చాలా ల్యాబులు యాంటీబయాటిక్ పోసి నిశ్చింతగా ఉంటాయి. అది చేతులు కడుక్కోకుండా అత్తరు పూసుకోవడమేనని పాతకాపులు కసురుతారు, నాకూ వాళ్ల మాటే సబబనిపిస్తుంది.

ఒక కణం ఇంకో కణాన్ని మింగి, దాని పేరుతోనే చలామణి అయింది

1951లో అమెరికాలో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమెను అడగకుండానే తీసిన కణాలు జార్జ్ గే ల్యాబులో ఆగకుండా పెరిగాయి. అవే హీలా కణాలు. ఎంత మొండివంటే ఒక్క చుక్క పక్క ఫ్లాస్కులో పడినా కొన్నాళ్లకు అక్కడి కణాలను పక్కకు నెట్టి మొత్తం తామే నిండిపోతాయి.

1966లో స్టాన్లీ గార్ట్లర్ ఈ గుట్టు రట్టు చేశాడు. వేర్వేరు మనుషులవని పేరున్న 18 కణ వరుసలను పరీక్షిస్తే అన్నింటిలోనూ జీ6పీడీ అనే ఎంజైమ్ ఒకే రకం కనిపించింది. ఆ రకం దాదాపుగా ఆఫ్రికా మూలాలున్న వారిలోనే ఉంటుంది. తెల్లవారివని చెప్పిన కణాల్లో అది ఎలా వచ్చింది? అవన్నీ హీలాలే. ఇన్నాళ్లూ కాలేయమని, పేగు అని రాసిన పరిశోధన పత్రాలెన్నో దీంతో నీరుగారిపోయాయి. అన్నట్టు, ఈ జీ6పీడీ మనకు కొత్త పేరేమీ కాదు. ఈ ఎంజైమ్ తక్కువున్నవారికి మలేరియా మందు ప్రైమాక్విన్ ఇస్తే రక్తకణాలు పగులుతాయి.

ఇంకో వింత. నోబెల్ గ్రహీత అలెక్సిస్ కారెల్ 1912లో పెట్టిన కోడిపిల్ల గుండె కల్చర్ 1946 దాకా బతికిందని లోకమంతా చెప్పుకుంది. ఆయన ల్యాబులో సిబ్బందికి నల్ల ముసుగులు, నల్ల గౌన్లు. కణాలకు చావు లేదని అందరూ నమ్మారు. 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ మామూలు మనిషి కణం యాభై సార్లకు అటూ ఇటూగా విభజన చెంది ఆగిపోతుందని తేల్చారు. మరి కారెల్ కోడి కణాలో? తిండిగా పోసిన పిండం రసంతోపాటు ప్రతిసారీ కొత్త కణాలు పడుతూ వచ్చాయన్నది ఎక్కువమంది అనుమానం.

ఆశ కార్యకర్త మలేరియా కిట్‌లో ఒక భీమవరం వాసి జాడ ఉంది

భూపాలపల్లి అడవి పల్లెల్లో జ్వరం వస్తే ఆశ కార్యకర్త వేలి కొసన గుచ్చి ఒక చుక్క రక్తం కిట్ మీద వేస్తుంది. పావుగంటలో గీత కనిపిస్తే మలేరియా. ఆ గీత ఉన్న చోట ముందే అద్దిన పదార్థం మోనోక్లోనల్ యాంటీబాడీ. మెడికల్ షాపులో దొరికే గర్భ నిర్ధారణ కిట్‌లో కూడా ఇలాంటిదే ఉంటుంది. ఒకే ఒక్క లక్ష్యాన్ని పట్టుకునే, అచ్చు ఒకేలా ఉండే ఈ యాంటీబాడీలను కల్చర్‌లో తయారు చేయడం 1975లో కేంబ్రిడ్జ్‌లో కోలర్, మిల్‌స్టీన్‌లతో మొదలైంది. 1984లో వాళ్లకు నోబెల్ వచ్చింది.

వాళ్ల చిక్కు ఇది. ఎలుక ప్లీహంలోని కణం కావలసిన యాంటీబాడీ చేస్తుంది గానీ పాత్రలో వారం పది రోజులకు మించి బతకదు. మైలోమా అనే క్యాన్సర్ కణం ఎప్పటికీ బతుకుతుంది గానీ కావలసింది చేయదు. రెండింటినీ కలిపితే రెండు గుణాలూ ఉన్న సంకర కణం వస్తుంది. కానీ కలిపినప్పుడు లక్షల్లో కొన్నే కలుస్తాయి. కలవని క్యాన్సర్ కణాలు పాత్ర నిండా పెరిగి సంకర కణాలను తొక్కేస్తాయి. వాటిని ఏరేసేది అమినోప్టెరిన్. అది కణం డీఎన్‌ఏ కట్టుకునే ప్రధాన మార్గాన్ని మూసేస్తుంది. పక్కదారి ఒకటుంది గానీ దానికి కావలసిన ఎంజైమ్ లేని మైలోమా కణాలనే కావాలని ఎంచుకున్నారు. కాబట్టి అవి చస్తాయి. ప్లీహం కణాలు ఎలాగూ వాటంతట అవే పోతాయి. సంకర కణానికి ప్లీహం వైపు నుంచి ఆ ఎంజైమ్ వస్తుంది, అది ఒక్కటే మిగులుతుంది.

ఆ అమినోప్టెరిన్ అమెరికాలోని లెడర్లీ ల్యాబులో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం తయారు చేసింది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ మీదుగా అక్కడికి చేరిన మనిషి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు ఆ మందు వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. తన మందు పదహారేళ్ల తర్వాత కణాలను జల్లెడ పట్టే పనికి వస్తుందని ఆయనకు తెలిసే అవకాశమే లేదు. 1964లో లిటిల్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త దాన్ని కల్చర్ ద్రవంలో ఆ పనికి పెట్టాడు. అంతేనా? ల్యాబుల్లో కణాలకు రోజూ పోసే మామూలు ద్రవంలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని కృత్రిమంగా తయారు చేసింది కూడా సుబ్బారావు బృందమే. కణానికి తిండి పెట్టే పదార్థం, కణాన్ని ఆపే పదార్థం రెండూ ఒకే ల్యాబులోంచి వచ్చాయి.

ఈ యాంటీబాడీలు కిట్‌ల దగ్గరే ఆగలేదు, మందులుగానూ వచ్చాయి. 2007లో డాక్టర్ రెడ్డీస్ రెడిటక్స్ పేరుతో రిటుక్సిమాబ్ మందును మన దేశంలో విడుదల చేసింది. లింఫోమా అనే క్యాన్సర్‌కు వాడే ఈ మోనోక్లోనల్ యాంటీబాడీ పుట్టేది చైనా హామ్‌స్టర్ అండాశయ కణాల్లో. మళ్లీ హామ్‌స్టరే! మనిషి వైద్యానికి ఈ చిట్టి జంతువు చేసిన సేవ ఏనుగంత.

సున్నం పడిన కంటికి కొత్త పొర నాటడానికి ల్యాబు కూడా అక్కర్లేదని హైదరాబాద్ చూపించింది

పొగాకులో కలుపుకునే సున్నం ప్యాకెట్‌ను పిల్లలు ఆడుకుంటూ నొక్కుతారు. చిట్లి కంట్లో పడుతుంది. సున్నం క్షారం కాబట్టి లోతుగా కాలుస్తుంది. నల్లగుడ్డు తెల్లగుడ్డు కలిసే అంచులో మూలకణాలుంటాయి. అవి పోతే నల్లగుడ్డు మీద పారదర్శక పొర మళ్లీ రాదు, రక్తనాళాలు పాకి కన్ను తెల్లబడిపోతుంది. అలాంటి కంటికి కార్నియా మార్చినా నిలవదు.

1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2001 నుంచి ఒక పద్ధతి నడిచింది. బాగున్న కంటి అంచు నుంచి రెండు మిల్లీమీటర్ల ముక్క తీసి, కాన్పులో వచ్చే ఉమ్మనీటి సంచి పొర మీద పరిచి, పది పద్నాలుగు రోజులు కల్చర్‌లో పెంచి, దెబ్బతిన్న కంటి మీద అతికించడం. పదేళ్లలో 200 మందికి చేసిన చికిత్సలను 2011లో ప్రచురించారు. 71 శాతం విజయవంతమయ్యాయి. మరుసటి ఏడాదే అక్కడి డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం ఇంకో అడుగు వేసింది. ముక్కను చిన్న చిన్న తునకలు చేసి నేరుగా కంటి మీదే పొర పరిచి జిగురుతో అంటించేశారు. కణాలు కంట్లోనే పెరిగాయి. వెచ్చదనం, తేమ, తిండి అన్నీ అక్కడే ఉన్నాయి కదా! ఖరీదైన ల్యాబు లేని దేశాలకు కూడా ఈ పద్ధతి పాకింది.

మటన్ కూడా సీసాలో?

2019లో సీసీఎంబీకి, చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన కేంద్రానికి కలిపి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం దాదాపు రూ.4.5 కోట్లు మంజూరు చేసింది. జంతువును కోయకుండా కండ కణాలను పెంచి మాంసం చేయడం దాని ఉద్దేశం. 2013లో లండన్‌లో మార్క్ పోస్ట్ ఇలాంటి మాంసంతో బర్గర్ వండించి చూపించాడు. ఎముక చుట్టూ ఉండే రుచి సీసాలో ఎలా వస్తుందని ఆదివారం మటన్ షాపు ముందు క్యూలో నిలబడేవాళ్లు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

పెంటకుప్ప పక్కన మొలిచే ఉమ్మెత్తే శాస్త్రానికి దారి చూపింది

ఇక మొక్కల కల్చర్ సంగతి. 1941లో వాన్ ఓవర్‌బీక్ అనే శాస్త్రవేత్త ఉమ్మెత్త పిండాలను కొబ్బరినీళ్లు పోసి పెంచాడు. కొబ్బరినీళ్లలో లేత కణాలను విభజన చెందించే పదార్థాలుంటాయి. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో శిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి ఉమ్మెత్త పూల కేసరాలను కల్చర్‌లో పెట్టారు. చూద్దామనుకున్నది ఒకటి, కనిపించింది మరొకటి. పుప్పొడి రేణువుల నుంచే బుల్లి పిండాలు, వాటి నుంచి మొక్కలు వచ్చాయి. తండ్రి వైపు జన్యువులు మాత్రమే ఉన్న మొక్కలవి. వాటి జన్యువులను రెట్టింపు చేస్తే ఏడెనిమిది తరాలు పట్టే శుద్ధ వరుస ఒక్క అంగలో చేతికొస్తుంది. వరి, మిరప వంటి పంటల్లో కొత్త రకాల తయారీకి ఇవాళ ప్రపంచమంతా ఈ కిటుకును వాడుతోంది. మహబూబాబాద్ మిర్చి రైతు గట్టు మీద పీకి పారేసే మొక్కే ఈ ఉమ్మెత్త!

టిష్యూ అరటి మొక్క బాటిల్‌లోంచి తీసిన పూట ఎండలో పెడితే గంటల్లో వాడిపోతుంది

అరటి పిలక కొసను పైపొరలు ఒలుచుకుంటూ పోతే లోపల తెల్లటి మొగ్గ ఉంటుంది. దాన్ని క్రిములు లేకుండా కడిగి, లామినార్ ఫ్లో బల్ల ముందు స్పిరిట్ దీపం పక్కన కోస్తారు. వెనుక నుంచి వడపోసిన గాలి నిరంతరం వీస్తుంటుంది. కోత పడగానే అరటి ముక్క నల్లబడుతుంది. ఆ నలుపును ఆపడానికి విటమిన్-సి కలుపుతారు. తిండి 1962లో మురాషిగే, స్కూగ్ పొగాకు కణాల కోసం రూపొందించిన మిశ్రమం. లీటరుకు 30 గ్రాముల చక్కెర, ముద్దగా ఉండటానికి అగర్. అదే మిఠాయిల్లో వాడే చైనా గ్రాస్. పాత్రలు చాలాచోట్ల మామూలు జామ్ సీసాలే. నాలుగైదు వారాలకోసారి మొక్కలను విడదీసి కొత్త సీసాల్లోకి మారుస్తారు. ఎనిమిది మార్పులకు మించితే తల్లి పోలిక తప్పే మొక్కలు పెరుగుతాయని మార్గదర్శకాలు చెబుతాయి.

సీసాలో తేమ నిండుగా ఉండటంతో ఆకు మీద మైనపు పొర సరిగా పట్టదు, పత్రరంధ్రాలకు మూసుకోవడం రాదు. అందుకే కొబ్బరి పొట్టు నింపిన ట్రేల్లో, తర్వాత షేడ్‌నెట్ కింద సంచుల్లో కొన్ని వారాలు గట్టిపరిచాకే రైతుకు ఇవ్వాలి. టిష్యూ మొక్క అంటే తెగులు లేని మొక్క అనుకోవడం సరికాదు. తల్లి పిలకలో వైరస్ ఉంటే అది వేల మొక్కల్లోకి చక్కగా పాకుతుంది. 2006 నుంచి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం టిష్యూ కల్చర్ మొక్కలకు వైరస్ పరీక్ష చేసి ధ్రువీకరణ లేబుల్ ఇస్తోంది. కొనేటప్పుడు ఆ లేబుల్ అడగండి.

టేకు సంగతి కూడా చెప్పాలి. 1980లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల నూరేళ్ల టేకు చెట్టు మొగ్గల నుంచి మొక్కలు తీసింది. మంచి తల్లి చెట్టు నుంచి తీసిన మొక్క నిటారుగా, చురుగ్గా పెరుగుతుంది, అంతవరకు నిజం. పదేళ్లలో చేవ దేలుతుందని బ్రోచర్లలో రాసేవాళ్లు మహదేవపూర్ అడవిలో ఒక పాత మాను మొద్దు చూసి రావాలి.

ఆయిల్‌పామ్‌ను మాత్రం సీసా చాలా ఏళ్లు మోసం చేసింది

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఈ మధ్య నాటుతున్న ఆయిల్‌పామ్ మొక్కలు మామూలుగా విత్తనం మొలకల నుంచి వచ్చినవే. మందపాటి పెంకు ఉండే డ్యూరా తల్లి, పెంకు లేని పిసిఫెరా తండ్రి, బిడ్డ టెనెరా. పామ్ చెట్టుకు పెరిగే మొన ఒక్కటే ఉంటుంది, పిలకలు రావు, కొమ్మ నాటడం కుదరదు. కాబట్టి బాగా కాసే చెట్టును అచ్చంగా నకలు తీయాలంటే టిష్యూ కల్చరే దిక్కు. 1970ల నుంచి తీశారు కూడా. 1980ల మధ్యకు వచ్చేసరికి తోటల్లో కొన్ని చెట్లు వికారమైన కాయలు కాయడం మొదలుపెట్టాయి. మగ భాగాలు కూడా కాయ కండలా మారిపోయి, నూనె లేకుండా గెల రాలిపోయేది. అన్నీ ఒకే తల్లి కణాల నుంచి వచ్చినవే, జన్యువులు ఒక్కటే. అయినా కొన్నే ఎందుకు చెడ్డాయో ముప్పై ఏళ్లు అంతుపట్టలేదు.

2015లో మలేసియా పామ్ ఆయిల్ బోర్డు శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో జవాబు రాశారు. పూవు రూపాన్ని నడిపే జన్యువు లోపల ఒక గెంతే డీఎన్‌ఏ ముక్క ఉంది. దాని పేరు కర్మ. మామూలు చెట్టులో దాని మీద మిథైల్ ముద్రలు పడి అది నిద్రపోతూ ఉంటుంది. సీసాలో పెరిగేటప్పుడు కొన్ని కణాల్లో ఆ ముద్రలు చెరిగిపోయి అది పూల జన్యువును పాడుచేస్తుంది. ముద్రలున్న స్థితికి మంచి కర్మ, చెరిగిన స్థితికి చెడ్డ కర్మ అని వాళ్లే పేర్లు పెట్టారు. అంతకుముందు చెట్టు మూడు నాలుగేళ్లకు గెల వేస్తే తప్ప తెలిసేది కాదు. ఇప్పుడు నర్సరీలో ఉండగానే చిన్న ఆకు ముక్క తీసి పరీక్షించి, చెడ్డవాటిని ఏరి పారేయొచ్చు.